నాన్నకి, సముద్రం పక్క రోడ్డు సంగతులు

మెల్‌బోర్న్,
అక్టోబరు 9

నాన్నా,

ఎలా ఉన్నావు? ఫోన్ చేస్తే అమ్మ "తిన్నారా" అని అడిగేలోపే పిల్లాడు ఫోన్ లాక్కుంటున్నాడు. రోడ్డు గురించి నీకు చెప్పడం కుదరనే లేదు. అందుకే కాగితం మీద పెడుతున్నాను. ఇందులో రెండో కాగితం నీ ఒక్కడికే. ముందు అది తీసి చొక్కా జేబులో పెట్టుకుని, తర్వాత మిగతాది అమ్మకి చదివి వినిపించు.

సిడ్నీ నుంచి మెల్‌బోర్న్‌కి లోపలి హైవే మీద అయితే 880 కిలోమీటర్ల లోపే. పొద్దున్నే బయల్దేరితే రాత్రి భోజనానికి దిగిపోవచ్చు. సముద్రం పక్కగా వెళ్ళే ప్రిన్సెస్ హైవే వెయ్యి దాటుతుంది. మీ అల్లుడు "పెట్రోలు దండగ" అన్నారు గానీ, ఆ దారి పొడవునా మనవాళ్ళున్నారు, వాళ్ళని చూసి ఏళ్ళయింది. పిల్లాడికి స్కూలు సెలవులు కూడా కలిసొచ్చాయి. స్టీరింగ్ ఎక్కువ భాగం నాదే. ఇక్కడా మనలాగే ఎడమవైపు నడపాలి కాబట్టి నువ్వైనా ఇబ్బంది పడవు. లాంగ్ వీకెండ్‌లో స్పీడు దాటితే మా న్యూ సౌత్ వేల్స్‌లో పాయింట్లు రెట్టింపు వేస్తారు. మూడేళ్ళలో 13 పడితే లైసెన్సు సస్పెండే. అందుకని మీ అల్లుడు పక్కన కూర్చుని కండక్టరు పని చేశారు.

హెలెన్స్‌బర్గ్‌లో వెంకటేశ్వరస్వామి దర్శనం చేసుకుని, గుడి క్యాంటీన్‌లో దోసెలు తిని సముద్రం వైపు దిగాం. అక్కడ సీ క్లిఫ్ బ్రిడ్జి అని ఒకటుంది. కొండ మీంచి బండలు పడుతున్నాయని 2003లో పాత రోడ్డు మూసేసి, కొండకి దూరంగా నీళ్ళ మీద 665 మీటర్ల వంతెన వేశారు. 2005లో తెరిచారు. పాములా మెలికలు తిరుగుతుంది. ఒక పక్క కొండ, ఇంకో పక్క కిందంతా సముద్రమే. నువ్వు నడిపిన భీమిలి సర్వీసు గుర్తొచ్చింది. ఆ రోడ్డు మీద నీ వెనక సీట్లో కూర్చుని ఋషికొండ దగ్గర వాంతి చేసుకున్నది నేనే కదా!

వొలొంగాంగ్‌లో మా గాజువాక స్నేహితురాలి ఇల్లు. వాళ్ళ బాల్కనీలోంచి చూస్తే పోర్ట్ కెంబ్లా స్టీల్ ప్లాంటు, పక్కనే సముద్రం, పొగ గొట్టాలు. "కావాలనే ఈ ఇల్లు తీసుకున్నా" అంది. నమ్మాను. మధ్యాహ్నం వంకాయ మెంతికారం పెట్టింది.

బేట్‌మన్స్ బేలో చిన్నత్తయ్య కొడుకు, మన బావ. ఈ సంగతి అత్తయ్యకి నువ్వే చెప్పాలి. బావది 491 వీసా. సిడ్నీ, మెల్‌బోర్న్, బ్రిస్బేన్ వదిలేసి చిన్న ఊళ్ళలో ఉండాలి. మూడేళ్ళు గడిపాక పీఆర్‌కి, అంటే శాశ్వతంగా ఉండిపోవడానికి, అప్లై చేసుకోవచ్చు. ఇంకో ఏడాది ఉంది. ఓల్డేజ్ హోమ్‌లో నర్సు పని. పప్పులు, కారం కొనాలంటే ఘాట్ రోడ్డెక్కి కాన్‌బెర్రా దాకా 150 కిలోమీటర్లు పోవాలి. కరివేపాకు మొక్కని చలికాలమంతా హాల్లో పెట్టుకుని కాపాడాడట. మేం వస్తున్నామని ఆ మొక్కని సగం దూసేసి చేపల పులుసు పెట్టాడు. పులుసు అచ్చం అత్తయ్య చేతిదే.

రాత్రి పన్నెండు దాకా మాట్లాడుతూనే ఉన్నాడు. మధ్యలో ఓసారి ఆగి, "ఇంట్లో ఇంతసేపు తెలుగు మాట్లాడి రెండేళ్ళయింది" అన్నాడు. పీఆర్ రాగానే సిడ్నీ వచ్చేస్తానంటున్నాడు. నాకైతే అనుమానమే. మర్నాడు పొద్దున బీచిలో నడుస్తుంటే ముగ్గురు ముసలమ్మలు ఆపి, బావని పేరు పెట్టి పలకరించారు. సంబంధాల విషయంలో తొందర పెట్టొద్దని అత్తయ్యతో చెప్పు. నేను చెప్పానని మాత్రం అనకు.

అక్కడి నుంచి కిందికి వస్తుంటే కొబార్గో అనే ఊరు తగిలింది. 2019 చివరి రోజు కార్చిచ్చులో బజారు వీధి చాలావరకు కాలిపోయింది. రోడ్డు పక్క చెట్ల మొదళ్ళు ఇంకా నల్లగానే ఉన్నాయి, కొమ్మలు మాత్రం పచ్చగా చిగురు వేశాయి.

(రెండో కాగితం. నీకు మాత్రమే.)

పొద్దుగూకాక తెలియని రోడ్డు మీద బండి తీయొద్దని నువ్వు లక్షసార్లు చెప్పావు. తీశాను.

తప్పు ఈడెన్‌లో జరిగింది. అక్కడి మ్యూజియంలో ఓల్డ్ టామ్ అనే కిల్లర్ వేల్ అస్థిపంజరం ఉంది. వీటి గుంపు పెద్ద తిమింగలాలని అఖాతంలోకి తోలుకొచ్చి వేటగాళ్ళకి అప్పగించేదట. కూలి కింద నాలుక, పెదాలు అవి తినేవి, మిగతాది మనుషులకి. టామ్ 1930లో చచ్చిపోయింది. పిల్లాడు దాని ముందు నుంచి కదలడు. బయటికొస్తే సముద్రంలో నిజం తిమింగలం, పక్కన పిల్ల! ఈ నెలల్లో పిల్లలతో దక్షిణానికి పోతుంటాయి. చూస్తూ చూస్తూ సాయంత్రం అయిదున్నర చేశాం. లేక్స్ ఎంట్రన్స్‌లో రూము బుక్ చేసుకున్నాం, ఇంకా 240 కిలోమీటర్లు. డబ్బులు పోతాయని బయల్దేరాను.

కాన్ రివర్ దాటాక అంతా అడవే. ఫోన్ సిగ్నల్ లేదు. మసక వెలుతురులో ఎడమ నుంచి వాలబీ దూకింది. అది కంగారూకి చెల్లెలు లాంటిది. స్టీరింగ్ తిప్పలేదు, బ్రేకే తొక్కాను, అది నువ్వు నేర్పిందే. అయినా తగిలింది. ఎడమ హెడ్‌లైట్ పగిలి బంపర్ వేలాడింది. మాకెవరికీ ఏమీ కాలేదు, ఒట్టు. అది లేచి అడవిలోకి కుంటుతూ పోయింది. చచ్చిపోతే పొట్టసంచిలో పిల్ల ఉందేమో చూడాలని ఇక్కడ చెప్తారు. టార్చి పట్టుకుని రోడ్డు పక్కంతా వెతికాను. కనపడలేదు. అదే ఇంకా మనసులో పీకుతోంది.

పావుగంటకి ఒక లారీ ఆగింది. నీ వయసాయన. బంపర్‌ని ప్లాస్టిక్ ట్యాగులతో కట్టేసి, ఆర్బోస్ట్ దాకా అరవై దాటొద్దన్నాడు. డబ్బులిస్తే పుచ్చుకోలేదు. అమ్మ పంపిన కొలతలతో చేసిన జంతికల డబ్బా తీశాను. నిలబడే నాలుగు నమిలి, గుప్పెడు జేబులో వేసుకున్నాడు.

(మూడో కాగితం. ఇక్కడి నుంచి అమ్మకి చదువు.)

మెల్‌బోర్న్‌లో పిన్ని కూతురి ఇంటికి క్షేమంగా చేరాం. టార్నీట్‌లో ఆ వీధి చూస్తే మన ఎంవీపీ కాలనీలో ఉన్నట్టే ఉంది, గుమ్మాలకి మామిడాకుల తోరణాలు, ప్లాస్టిక్‌వే అనుకో. అమ్మా, చెల్లికి నీ ఆవకాయ కొలతలు కావాలట. "చేత్తో చూసుకోవాలి" అని చెప్పకు, గ్రాముల్లో చెప్పు.

నాన్నా, హైవే పక్కన డ్రైవర్ రివైవర్ అని టెంటులు పెట్టి, నడిపేవాళ్ళకి ఊరికే టీ, బిస్కెట్లు ఇస్తారు. వాలంటీర్లలో చాలామంది రిటైరైనవాళ్ళే. నువ్విక్కడుంటే ఇంట్లో కూర్చునేవాడివి కాదు.

తిరుగు ప్రయాణం లోపలి హైవే మీదే, పగటిపూటే.

నీ పెద్దమ్మాయి

తా.క.: ఇప్పుడే తెలిసింది. చెల్లి మా కారు ఫొటో వాట్సాప్ స్టేటస్‌లో పెట్టిందట. అమ్మ చూసిందో లేదో మెల్లగా కనుక్కో. చూసేసి ఉంటే రెండో కాగితం కూడా ఇచ్చెయ్.