స్వాగత ఆర్చి సంగతి తర్వాత, ముందు క్వారీలకు కంచె వేయండి

సంపాదకులకు నమస్కారం.

మా గుట్టల మీద ట్రెక్కింగ్ దారి వేస్తున్నారని పోయిన వారం మీ జిల్లా పేజీలో వార్త వచ్చింది. ఫొటో బాగుంది. హైదరాబాద్‌కు దగ్గర, చుట్టూ అడవి, శని ఆదివారాల్లో జనం బాగా వస్తారని రాశారు. ఆ దారి పోయేదే పాత పలుగురాయి క్వారీల అంచున అన్న సంగతి మాత్రం ఒక్క ముక్క రాయలేదు.

ఆ గుట్ట మాకు కొత్త కాదు. దసరా ముందు సీతాఫలాలకు ఇంటిల్లిపాదీ ఎక్కుతాం. బాలానగర్ రకం అని దేశమంతా పేరున్న పండు, ఎవరూ నీళ్లు పోయకుండానే ఈ రాళ్లలో కాస్తుంది. మోదుగ చెట్ల మధ్య సన్నటి బాట గుట్ట పైనుంచే సాగుతుంది. దాని పక్కనే గుంతలు. లీజు అయిపోగానే మిషన్లు పట్టుకుపోయారు, తవ్విన గుంతలు మాకు వదిలేశారు. వానాకాలం గడ్డి నడుం ఎత్తు పెరిగితే అంచు కనపడదు. కాలి ముందు దాకా గడ్డే, ఆ వెంటనే నిట్టనిలువు గోడ, దాని మీద డ్రిల్లు గాట్లు, కింద పచ్చటి నీళ్లు. పడ్డవాడు పట్టుకొని పైకి రావడానికి ఒక్క మెట్టు లేదు. గొర్ల కాపరులు మందను అటు పోనియ్యరు. సెల్‌ఫోన్ పట్టుకొని ఫొటో కోసం వెనక్కి అడుగులేసే పట్నం పిల్లలకు ఇదంతా ఎవరు చెప్తారు?

కంచె వేయండని అర్జీలు పెట్టాం. అడవి మాదే గానీ గుంత మాది కాదని ఒక ఆఫీసులో అన్నారు. లీజు ముగిసింది, ఫైలు మూసేశామని ఇంకో ఆఫీసులో అన్నారు. రాయి పోయిన రోజుల్లో ప్రతి లారీనీ ఆపి పర్మిట్ అడగడానికి మాత్రం అందరూ ఉండేవారు. గని వదిలేసే ముందు దాని అంచు చుట్టూ పక్కా కంచె వేయాలని 1961 నాటి గనుల భద్రతా నిబంధనల్లోనే (మెటాలిఫెరస్ మైన్స్ రెగ్యులేషన్స్) ఉంది. గనుల వల్ల దెబ్బతిన్న ఊళ్ల కోసమే 2015లో గనుల చట్టం సవరించి, లీజుదారులు కట్టే సొమ్ముతో నడిచే జిల్లా మినరల్ ఫౌండేషన్లు పెట్టారు. కంచె సంగతి వచ్చేసరికి మాత్రం నిధులు లేవంటారు. రాయి పోయింది, దుమ్ము మేం మింగాం, మా పిల్లలకు వలసా తప్పలేదు.

2019లో నల్లమలలో యురేనియం తవ్వకాలు అనగానే ఊళ్లన్నీ కదిలాయి, శాసనసభ కూడా వద్దని తీర్మానం చేసింది. మంచి పని జరిగింది. కానీ ఇక్కడ ఇప్పటికే తవ్వి పడేసిన గుంతల గురించి అడిగే నాయకుడు ఏ పార్టీలోనూ కనపడడు.

ట్రెక్కింగ్ వద్దని మేం అనట్లేదు. నలుగురు వస్తే ఊళ్లో నాలుగు రూపాయలు తిరుగుతాయి. ఆర్చికి, సెల్ఫీ పాయింట్‌కు టెండర్ పిలిచేటప్పుడే కంచె కూడా అందులో చేర్చండి. గుంతల దగ్గర దారిని పాత బండ్ల బాట వైపు జరపండి. ఆ బాట ఎక్కడుందో ఊళ్లో ఎవరిని అడిగినా చూపిస్తారు. వానలు పడకముందే అధికారులు ఒకసారి జీపు దిగి ఆ అంచు దాకా నడిచి రావాలి.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, మహబూబ్‌నగర్ జిల్లా