కొత్త టైర్లు ఇక ముందు కాదు, వెనక్కే

బెంగళూరు మారతహళ్లిలో మన టైర్ల షాపుకి వచ్చేవాళ్లలో చాలామంది పండక్కి కారెక్కి అనంతపురమో, కడపో, తిరుపతో పోయేవాళ్లే. అందుకే నా తప్పొకటి మీ అందరికీ చెప్పేస్తున్నాను.

పోయిన వానాకాలం హిందూపురం ఆయనొకరు వచ్చారు. కారుకి ముందు టైర్లు రెండూ నున్నగా అయిపోయాయి. వెనకవాటికి ఇంకా మూడు మిల్లీమీటర్ల గాడి ఉంది. "కొత్తవి ముందు వేసేయన్నా, ఇంజిన్ బరువంతా అక్కడే కదా" అన్నారు. వెనక వేయాలని నాకు తెలుసు. బేరం పోతుందేమోనని నోరు మెదపకుండా ఆయన చెప్పినట్టే బిగించాను. నాలుగో రోజు ఫోన్. బాగేపల్లి దాటాక వానలో సర్వీసు రోడ్డులోకి తిరుగుతుంటే వెనక భాగం జారి బండి అడ్డం తిరిగిందట. వెనకాల లారీ లేదు కాబట్టి సరిపోయింది. ఆయన ఏమీ అనలేదు గానీ, పక్కనుంచి వాళ్లావిడ గొంతు వినబడింది: "చెప్పాలి కదండీ మీరు."

నిజమే, చెప్పాలి. ముందు టైర్లు జారితే స్టీరింగ్ తేలికైపోయి చేతికి తెలుస్తుంది. యాక్సిలరేటర్ వదిలితే చాలాసార్లు పట్టు మళ్లీ దొరుకుతుంది. వెనకవి జారితే మనకు తెలిసేలోపే బండి తిరిగిపోతుంది. అరిగిన టైరు నీళ్లను తోసేయలేదు కాబట్టి ఆ టైర్లు వెనక ఉంటే వానలో ప్రమాదం.

ఇకనుంచి రెండే కొత్తవి కొంటే వెనక్కే బిగిస్తాం, మిగిలినవాటిలో మంచివి ముందుకి. ఎడమా కుడీ ఒకే కంపెనీ, ఒకే డిజైన్. ఇష్టం లేకపోతే డబ్బులు తిరిగి ఇచ్చేస్తాను, కోపం లేదు.

2025 సెప్టెంబరు 22న టైర్ల జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగాక, మిగిలిన డబ్బుతో వెడల్పు టైర్లు వేయమంటున్నారు కుర్రాళ్లు. చూడ్డానికి బాగుంటాయి, కాదనను. కానీ చక్రం చుట్టుకొలత మారితే స్పీడోమీటర్ తప్పు చూపిస్తుంది, మలుపులో టైరు బాడీకి రాసుకుంటుంది కూడా. డ్రైవర్ డోర్ దగ్గరున్న స్టిక్కర్ ఫొటో తీసి పంపండి చాలు. 185/65 ఆర్15 88హెచ్ అని ఉందనుకోండి, ఆ 88 అంటే ఒక్కో టైరు 560 కిలోలు మోస్తుందని. ఏడుగురు ఎక్కే బండికి అంతకంటే తక్కువ నంబరుది చవగ్గా వస్తుందని అడిగినా నేను వేయను.

ఇంకో సంగతి. మా గోడౌన్‌లో పాత సరుకు ఆరు టైర్లున్నాయి. టైరు పక్కభాగం మీదున్న కోడ్‌లో చివరి నాలుగంకెలు 2322, అంటే 2022లో 23వ వారం తయారైనవి. ధర తగ్గించే ఇస్తాను, కానీ ఆ అంకెలు మీరు చూశాకే రిమ్‌కి ఎక్కిస్తాను.