జిల్లా ఆరోగ్యాధికారి పదవి గురించి వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన రాష్ట్ర వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి నమస్కారాలు.

కర్నూలు జిల్లా పడమటి మండలాల్లో ఏఎన్ఎంగా చేరి, ఆరోగ్య పర్యవేక్షకురాలిగా పదవీ విరమణ చేసినదాన్ని. కొత్త ఆసుపత్రి కోసమో, కొత్త పథకం కోసమో ఈ లేఖ రాయడం లేదు. జిల్లా వైద్య ఆరోగ్య శాఖాధికారి పదవిని మనం ఎవరికి, ఏ వయసులో, ఎంతకాలానికి అప్పగిస్తున్నామో ఒకసారి పరిశీలించమని కోరడానికి రాస్తున్నాను. బీదవారికీ ఉన్నవారికీ వైద్యం ఒకే తీరుగా అందడమన్నది చాలావరకు ఆ కుర్చీలో కూర్చున్నవారి చేతిలోనే ఉంటుందని నా సర్వీసంతా చూశాను.

కోసిగి, పెద్దకడుబూరు, హొళగుంద వైపు ఊళ్లలో దీపావళి దాటాక వీధులకు వీధులే తాళాలు పడతాయి. పత్తి తీయడానికి, మిరపకాయలు కోయడానికి జనం గుంటూరు వైపు సుగ్గికి, అంటే కోతల కాలపు వలస కూలికి, పోతారు. చాలామంది ఉగాదికి గానీ తిరిగి రారు. నెలలు నిండుతున్న ఆడవాళ్లూ పోతారు, చంటిబిడ్డల తల్లులూ పోతారు. ఆరో వారం టీకా ఇక్కడ వేయించుకున్న బిడ్డకు పదో వారం, పద్నాలుగో వారం మిరప చేల పక్కన గుడారాల్లో గడుస్తాయి. ఇక్కడి ఏఎన్ఎం రిజిస్టరులో ‘ఊళ్లో లేరు’ అని రాస్తుంది. అక్కడి ఏఎన్ఎం లెక్కలో ఆ బిడ్డ పేరే ఉండదు. రెండు రిజిస్టర్లూ తప్పు లేకుండానే ఉంటాయి, బిడ్డకు మాత్రం టీకా పడదు.

నేను ఎవరి కింద పనిచేశానో ఆ జిల్లా అధికారుల్లో ఒకరు దీన్ని పట్టించుకున్నారు. పేరు చెప్పను, చెబితే ఆయన ఒప్పుకోరు. కూలీలను తీసుకుపోయే ఏ మేస్త్రీ వెంట ఏ కుటుంబం ఏ ఊరికి పోతున్నదో ఆశా కార్యకర్తల చేత అడిగించి, రిజిస్టరులో ఎర్ర సిరాతో ఒక గడి గీయించి అందులో రాయించారు. గర్భిణుల కార్డుల వెనుక, వాళ్లు పోయే ఊరికి దగ్గరలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ఫోన్ నంబరు రాయించి, అక్కడి డాక్టర్లతో ముందుగా తానే మాట్లాడారు. లారీలు బయలుదేరేది రాత్రిపూట కనుక టీకాల పెట్టె పట్టుకుని మమ్మల్నీ రాత్రిపూటే రమ్మన్నారు; మేం సణిగాం, అయినా పోయాం. దీనికి ప్రత్యేకంగా పైసా మంజూరు కాలేదు. మరుసటి ఏడు సుగ్గి మొదలయ్యేలోగా ఆయనకు బదిలీ అయింది. ఆయన స్థానంలో వచ్చినవారు చేయి తిరిగిన సర్జన్, రిటైర్మెంటుకు దగ్గర పడినవారు. ఎర్ర గడి చూసి ‘ఇదేంటమ్మా?’ అని అడిగారు, మేం చెప్పాం, ఆయన శ్రద్ధగానే విన్నారు. కొత్త రిజిస్టర్లు అచ్చయి వచ్చినప్పుడు ఆ గడి లేదు. అందులో ఆయన తప్పేమీ లేదు. జీవితమంతా ఆపరేషన్ థియేటర్‌లో గడిపిన వైద్యుణ్ణి సీనియారిటీ చూసి చివరి ఏళ్లలో లక్షల మంది ఆరోగ్యానికి బాధ్యుణ్ణి చేస్తే, ఆ పనిలో మెళకువలు తెలిసేసరికి సన్మానసభకు శాలువాలు సిద్ధమవుతాయి.

ఇలా ఉండనక్కరలేదని చెప్పడానికి దూరం పోవలసిన పని లేదు. 1939లో మద్రాసు ప్రజారోగ్య చట్టం వచ్చినప్పుడు కర్నూలు, అనంతపురం, కడప జిల్లాలు మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉన్నాయి. 1953లో కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆ చట్టం మనకూ దక్కింది. అయితే తమిళనాడు ప్రజారోగ్యానికి ప్రత్యేక డైరెక్టరేట్‌ను, ఆ విద్య చదివినవారు మెట్టు మెట్టుగా పైకి వచ్చే క్యాడర్‌ను నిలబెట్టుకుంది. మన దగ్గర అలాంటి బాట పడలేదు. ఐఏఎస్ స్థాయిలో అప్పుడప్పుడూ అలాంటి జీవితాలు కనబడతాయి. ఆంధ్రప్రదేశ్ క్యాడర్‌కు చెందిన కె. సుజాతారావు గారు తమ సర్వీసులో చాలా ఏళ్లు ఆరోగ్య రంగంలోనే ఉండి, జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థను నడిపి, 2010లో కేంద్ర ఆరోగ్య కార్యదర్శిగా పదవీ విరమణ చేశారు. ఒకే రంగంలో అన్నేళ్లు నిలిచే అవకాశం జిల్లా స్థాయి వైద్యాధికారికి ఎందుకు ఉండకూడదు?

2007లో ఆరోగ్యశ్రీని మొదలుపెట్టిన మూడు జిల్లాల్లో అనంతపురం ఒకటి. కూలివాళ్ల బిడ్డకు గుండె ఆపరేషన్ జరిగే రోజు వస్తుందని అంతకుముందు మేం అనుకోలేదు. ఆ మేలును తక్కువ చేయను. కానీ గర్భిణికి రక్తం తక్కువగా ఉందని ఐదో నెలలోనే గుర్తించడం, బీపీ మాత్రలు నెలనెలా ఆగకుండా అందించడం, సుగ్గికి పోయిన బిడ్డను వెతికి టీకా వేయించడం బిల్లు పుట్టని పనులు. వాటిని ఏ బీమా పథకమూ చేయదు, ఒక అధికారి వెంటపడి చేయించాలి.

ప్రజారోగ్య నిర్వహణకు ప్రతి రాష్ట్రంలోనూ ప్రత్యేక క్యాడర్ ఉండాలని 2017 జాతీయ ఆరోగ్య విధానం చెప్పింది. 2022లో కేంద్రం మార్గదర్శకాలూ ఇచ్చింది. వాటిని మన రాష్ట్రంలో పూర్తిగా అమలు చేయమని కోరుతున్నాను. కమ్యూనిటీ మెడిసిన్‌లో, అంటే ప్రజారోగ్య వైద్యంలో, ఎండీ చేసిన యువ వైద్యులను మండల స్థాయి నుంచే ఆ బాటలోకి తీసుకోండి. జిల్లా అధికారిని, ఆరోపణలేవైనా రుజువైతే తప్ప, మూడేళ్లలోపు కదిలించకూడదని నియమం పెట్టండి. ఈ నియమానికి అడ్డుపడేది మీ పార్టీవారో, ఎదుటి పార్టీవారో కాదు, సిఫారసు ఉత్తరాలు. పనిని బేరీజు వేసేటప్పుడు జిల్లా మొత్తం సగటును చూడకండి. ఆ సగటులో కర్నూలు పట్టణం కోసిగిని దాచేస్తుంది. కనుక అన్నిటికన్నా వెనుకబడిన పది సబ్‌సెంటర్లలో ఆ ఏడు ఏం మారిందో చూడండి.

జీవో ముసాయిదా తయారయ్యాక సచివాలయంలోనే ఖరారు చేయకుండా ఆదోనిలోనో, కళ్యాణదుర్గంలోనో, పులివెందులలోనో ఏఎన్ఎంలను, పర్యవేక్షకులను కూర్చోబెట్టి ఒకసారి చదివి వినిపించండి. నన్ను పిలిచినా వస్తాను, పాత రిజిస్టరు నకలు ఒకటి నా దగ్గర ఉంది.

ఇట్లు,
భవదీయురాలు,
ఒక విశ్రాంత ఆరోగ్య పర్యవేక్షకురాలు,
ఆదోని, కర్నూలు జిల్లా