గద్దకు ఉన్నవి గోళ్లు, పంజా కాదు

సంపాదకులకు నమస్కారం.

మీ పిల్లల పేజీలో, గద్దలాంటి వేటపక్షి గోటిని చెప్పే 'టాలన్' అనే ఇంగ్లీషు మాటకు 'పంజా' అని అర్థం వేశారు. బళ్లో పిల్లలు అదే ఎక్కించుకుంటున్నారు కాబట్టి ఈ ఉత్తరం.

పంజా పారసీ మాట. 'పంజ్' అంటే ఐదు, మన 'పంచ'కు చుట్టం. ఐదు వేళ్ల చెయ్యి పంజా. పీర్ల పండగలో ఎత్తే హస్తం గుర్తునూ అలాగే అంటారు. పులి ముందుకాలికి ఐదు వేళ్లుంటాయి కనుక దానికీ చెల్లింది. గద్దకు నాలుగే: ముందుకు మూడు, వెనక్కి ఒకటి. పైగా పంజా అంటే వేళ్లతో సహా పాదం మొత్తం, వేలి కొసన వంకీ తిరిగి ఉండేది గోరు. పులి దగ్గర ఈ తేడా మనం ఎప్పుడూ తప్పం. విసిరేది పంజా, పూర్వం మెళ్లో కట్టుకున్నది పులిగోరు. 'చలి పంజా' అన్న మీ శీర్షికలతో మాకు పేచీ లేదు, అక్కడ చలిని పులిని చేశారు.

గోరు అచ్చ తెలుగు. తమిళంలో ఉగిర్, కన్నడంలో ఉగురు. మొదటి అచ్చు హల్లు దాటి లోపలికి జరగడంతో మనకు గోరు అయింది. తమిళుల 'ఉరల్' మన 'రోలు' అయిందీ ఈ దారినే. విభక్తులూ ఒకే తీరు: రోలు, రోటి, రోళ్లు, గోరు, గోటి, గోళ్లు. అందుకని 'గద్ద గోరుతో చీల్చింది' కంటే 'గోటితో చీల్చింది' సరైనది. గోరుచిక్కుడు లాంటి పేర్ల జోలికి పోనక్కర్లేదు, అవి సమాసాలు.

టాలన్ మాటకు మొదట్లో అర్థం గోరే కాదు. లాటిన్‌లో 'టాలుస్' చీలమండ. ఫ్రెంచిలోకి వచ్చేసరికి మడమ అయింది, నేటికీ వాళ్లకు అదే అర్థం. ఇంగ్లీషులో పక్షి పాదం వెనక భాగానికి, అక్కణ్నుంచి వెనకవేలి గోటికి, చివరికి వేటపక్షి గోళ్లన్నిటికీ పాకింది. శరీరశాస్త్రం ప్రకారం ఆ వెనకవేలు మడమ కాదు. చేలో నిలబడ్డ కొంగ కాలు చూడండి, వెనక్కి వంగిన మోకాలులా కనిపించే కీలే దాని చీలమండ. పక్షి నడిచేది వేళ్ల మీదే. అయినా ఆ మాట వెనకగోటికి అంటుకోవడం సబబుగానే ఉంది. గద్ద పట్టంతా ముందు వేళ్లకూ వెనకవేలికీ మధ్యనే. కాలు మడిచినప్పుడు కండరాన్ని ఎముకకు కట్టే తాళ్లు బిగిసి వేళ్లు ముడుచుకుంటాయి. తాడు మీది గరుకు, దాని చుట్టూ ఉండే తొడుగులోని మెట్లకు పట్టుకుంటుంది కనుక ఎగురుతున్నంతసేపూ చేప జారదు. చలికాలంలో మన తీరానికి వచ్చే చేపల డేగ ఇంకో అడుగు ముందుంది: బయటివేలిని వెనక్కి తిప్పి, రెండు ముందూ రెండు వెనకా పెట్టి పడుతుంది.

కాబట్టి టాలన్ అన్న మాట గద్ద, డేగ, గుడ్లగూబల వరకే. 'వేటపక్షి గోరు' అంటే సరిపోతుంది. కొంగ మధ్యవేలి గోటికి ఈకలు దువ్వుకునే పళ్లుంటాయి. తామరాకుల మీద నడిచే పక్షికి మునగకుండా పొడవైన వేళ్లూ గోళ్లూ ఉంటాయి. ఇవీ గోళ్లే గానీ టాలన్‌లు కావు.

అనువాదం చేసేవాళ్లు ముందు సందర్భం చూడాలి. పేకాటలో టాలన్ అంటే పంచగా మిగిలిన కట్ట. తాళంలో, తాళంచెవి నెట్టే గడియ భాగం. పాత బాండ్లలో, కొత్త వడ్డీ కూపన్లు తీసుకోవడానికి చూపే చీటీ. అక్కడ గోరు అని రాస్తే వాక్యమే చెడుతుంది.

సంక్రాంతి వార్తల్లో 'కోడి గోటికి కత్తి కట్టారు' అని వస్తూ ఉంటుంది. కత్తి కట్టేది కాలికి. పుంజు కాలి వెనక ముల్లులా పొడుచుకొచ్చేదీ గోరు కాదు, కాలి ఎముక నుంచే పెరిగి పైన గట్టి తొడుగు వేసుకున్న కొమ్ము. అమరకోశం కోడిని 'చరణాయుధం' అంది, అంటే కాలే ఆయుధం. వచ్చే సంక్రాంతి వార్తల్లో 'కాలికి' అని వేయించండి, పిల్లల పేజీలో పంజాకు సవరణ వేయండి.

— కొందరు తెలుగు ఉపాధ్యాయులు, అమలాపురం