కంచు పతకం

ఉల్సూరు, బెంగళూరు

ప్రియమైన సుధాకర్,

నీ ఉత్తరానికి జవాబు ఇంత ఆలస్యం కావడానికి కారణం మా ముత్తాత పతకం. చిన్నప్పుడు మా జేజి పూజగూట్లో దాన్ని నువ్వూ చూశావు. గుర్రం మీది వీరుణ్ని కల్కి అవతారమనుకొని ఆమె రోజూ బొట్టు పెట్టేది. పోయిన వారం నగర్తపేటలో మెరుగు పెట్టమని ఇస్తే, ఆచారి దాని అంచును గీటురాయి మీద ఒక్కసారి గీసి, "ఇది వెండి కాదు సార్, కంచు" అని నా చేతిలో పెట్టేశాడు. రాజుగారిచ్చిన వెండి బిళ్ళ అని మూడు తరాలుగా చెప్పుకున్నవాళ్ళం!

ఇది మొదటి ప్రపంచ యుద్ధంలో పనిచేసినవారికోసం 1919లో నెలకొల్పిన బ్రిటిష్ యుద్ధ పతకం. ఒకవైపు అప్పటి బ్రిటిష్ రాజు ఐదో జార్జి ముఖం, రెండోవైపు విలియం మెక్‌మిలన్ అనే శిల్పి మలచిన సెయింట్ జార్జి అనే క్రైస్తవ వీరుడి బొమ్మ ఉంటాయి. గుర్రం డెక్కల కింద నలుగుతున్నది శత్రు సామ్రాజ్యాల గద్ద గుర్తున్న డాలు, పక్కనే ఒక పుర్రె. వెండివి అరవై లక్షలకు పైగా ఇచ్చారు. కంచువి సుమారు 1,10,000 మాత్రమే. అచ్చు అదే, బొమ్మ అదే, తుపాకీ పట్టినవాడికి వెండి, మూట మోసిన భారతీయ, చైనా, మాల్టా కూలీ దళాలవారికి కంచు. పతకాల్లోనూ పంక్తిభేదం పాటించారన్నమాట. భూతద్దం పెట్టి చూస్తే అంచు మీద ముత్తాత నంబరూ పేరూ, వాటి పక్కన 'లేబర్ కోర్' అని గుద్ది ఉన్నాయి. ఆయన ఇప్పటి ఇరాక్‌లోని బస్రా రేవుకు వెళ్ళాడని ఇంట్లో అనేవారు. 1916 ఏప్రిల్‌లో అక్కడికి ఎగువన కూట్ అనే ఊళ్ళో ముట్టడిలో చిక్కిన బ్రిటిష్ సేన తుర్కులకు లొంగిపోయాక, బస్రా రేవును విస్తరించి, ఓడల్లోని సరుకు దించి పైకి చేరవేయడానికి మన దేశం నుంచి వేలమందిని తరలించారు.

ఆయన అన్నగారు మాత్రం మన ఉల్సూరు చెరువు పక్కనే కేంద్రమున్న మద్రాస్ శాపర్స్ అనే సైనిక ఇంజనీర్ల దళంలో సిపాయి కాబట్టి, ఆయనది వెండిదే. 1980లో వెండి ధర ఆకాశానికంటినప్పుడు ఆ ఇంటివాళ్ళు దాన్ని కరిగించేశారు. ఎవరూ కొనరు కాబట్టే మాది మిగిలింది.

మెరుగు పెట్టించడం మానేశాను. గుర్రం కాళ్ళ సందున గట్టిపడిన కుంకుమ పోతుందని భయం. చిత్తూరులో మా మేనత్త ఎదురుపడితే మాత్రం ఈ కంచు సంగతి ఎత్తకు. ఇప్పటికీ ఆమె పెళ్ళిళ్ళలో వియ్యాలవారికి ఆ వెండి బిళ్ళ కథే చెబుతోంది.

నీ
రాఘవ