అమ్మా, ఇక్కడ కూడా గరికే

అమ్మా,

నిన్న వీడియో కాల్లో చేతికేటయిందే అని అడిగితే ఏం లేదని తప్పించేసేను కదా, బొబ్బలమ్మా, గునపం పట్టుకుని వచ్చేయి. కంగారుపడకు, తగ్గిపోతున్నాయి. పెరట్లో కంచె వారన మడి చేద్దామని మొదలెట్టేను, ఫోన్లో చెప్తే మధ్యలోనే తిట్లు మొదలెడతావని రాస్తున్నాను, తమ్ముడిచేత పెద్ద అక్షరాల్లో ప్రింటు తీయించుకో.

ముందు తప్పు ఒప్పేసుకుంటాను. పోయిన క్రిస్మస్ సెలవుల్లో మట్టి తిరగేసే మెషిన్ అద్దెకి తెచ్చేం గుర్తుందా, నేలంతా దువ్వినట్టు అయిపోయిందని ఫొటో కూడా పెట్టేను, నువ్వు బాగుందే అన్నావు. మూడు వారాలకి చూస్తే అంతకుముందుకంటే ఒత్తుగా గడ్డి లేచిపోయింది. ఆ గడ్డి ఏటనుకున్నావు, మన గరికే! ఇక్కడ దీన్ని కూచ్ అంటారు. దీని వేరు ముక్కకి ఒక్క కణుపున్నా చాలట మళ్ళీ మొలవడానికి, ఆ మెషిన్ కత్తులేమో దాన్ని వందల ముక్కలు చేసి మడంతా పరిచేసేయి. అంటే మేం కలుపు తీయలేదు, డబ్బులిచ్చి గరిక నాటించుకున్నాం. చవితికి పూర్ణా మార్కెట్లో పత్రి కట్టలో నాలుగు పోచల కోసం బేరమాడేదానివి, మెల్‌బోర్న్ వచ్చి చూడు, స్వామికి ఏడాదంతా సరిపోతుంది.

మీ అల్లుడు మందు కొట్టేద్దాం అన్నారు, తినే కూరలు పెట్టే చోట నాకిష్టం లేదన్నాను. అందుకని ఈసారి చేత్తోనే. మూడు శనివారాలు పట్టింది. మట్టి తడిగా ఉన్నప్పుడు ముట్టుకోకూడదని మొదటి వారమే తెలిసొచ్చింది, ఇక్కడ మెల్‌బోర్న్ పడమటి వైపంతా బంకమట్టి, అగ్నిపర్వతాల లావా రాయి అరిగి అయిన నేల, తడిలో తొక్కితే ఎండేక ఇటుక అయిపోతుంది. ఇప్పుడు గుప్పెడు తీసి ముద్ద చేసి బొటనవేలితో నొక్కుతాను, పొడిపొడిగా విరిగితేనే పని, సాగితే ఇంట్లోకి వచ్చేయడమే. భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బలు చూసి పెరిగినదాన్ని, ఈ నల్ల జిగురు నాకు కొత్త. పైగా కొబ్బరికాయంత నల్లరాళ్ళు, ఆ బొబ్బలు వాటివే.

వేరు తీయడం మాత్రం మెల్లగా వచ్చింది. చుట్టూ వదులు చేసి, గడ్డి పట్టుకుని లాగకుండా, వేళ్ళతో మట్టి రాల్చుకుంటూ వేరు వెంట పోవాలి. తెల్లగా ఉంటుంది, కొసన సూదిలా మొన, ఒకటయితే పాత ప్లాస్టిక్ షీటుని పొడుచుకుని ఇవతలకి వచ్చేసింది. చిన్న మడిలోనే రెండు బకెట్లు నిండేయి. కంపోస్టులో వేయలేదులే, నల్ల సంచిలో కట్టి ఎండలో పడేసేను, కుళ్ళి చావాలి.

అప్పుడు నువ్వే గుర్తొచ్చేవు. 2014లో హుద్‌హుద్ తుఫానుకి మన మునగచెట్టు పడిపోయేక ఆ గొయ్యి దగ్గర మడి చేసేవు కదా, పీటేసుకుని బొరిగతో ఒక్కో తుంగగడ్డా తవ్వి డబ్బాలో వేసేదానివి, నేను పైన ఆకు పీకేసి అయిపోయిందంటే మళ్ళీ కూర్చోబెట్టేదానివి. ఎంత విసుక్కున్నానో అప్పుడు.

సరే, తవ్వినా ఎక్కడో ముక్క మిగులుతుంది కదా, అందుకని పైన అట్టలు పరిచేసేం. ఫ్రిజ్ వచ్చిన డబ్బా దాచినందుకు నన్ను వెక్కిరించేరు, ఇప్పుడు అదే పనికొచ్చింది. టేపు మొత్తం పీకేసి, అట్ట మీద అట్ట జానెడు ఎక్కేలా వేసి, బాగా తడిపి, పైన కంపోస్టు. వెలుతురు తగలకపోతే మిగిలిన వేరు నీరసపడుతుంది, అట్ట నెమ్మదిగా మట్టిలో కలిసిపోతుంది. పక్కింటి లాన్లోంచి మళ్ళీ పాకి రాకుండా అంచున జానెడు లోతు కాలవ తీసేను, నెలకోసారి అది చూసుకోవాలి, లేకపోతే ఇదంతా దండగ.

ఇక్కడిప్పుడు వసంతం మొదలు, రాత్రులింకా చలే. నవంబర్ మొదటి మంగళవారం గుర్రప్పందేల సెలవు ఉంటుంది, ఆ రోజుల్లోనే టమాటా నారు పెట్టడం ఇక్కడి అలవాటు, నేనూ అప్పుడే పెడతాను.

ముఖ్యమైన మాట, ఆవకాయ పార్శిల్లో గోంగూర విత్తనాలు దూర్చకు!! నీ సంగతి నాకు తెలుసు, మెంతుల పొట్లంలా కట్టి పెట్టేస్తావు. ఇక్కడ పట్టుకుంటే తీసేసుకుంటారు, తెచ్చినవాళ్ళకి ఫైనూ వేస్తారు. విత్తనాలు ఇక్కడే తెలుగువాళ్ళ దగ్గర దొరికేయి, ఆనప కూడా.

ఆనప పాదుకి గొయ్యి మోకాలి లోతు తీయాలా, మూరెడు చాలా? గెత్తం ఎంత వేసేదానివి? ఇక్కడ ఆవుపేడ సంచుల్లో అమ్ముతారు, నాలుగు తెచ్చేం, అసలు వాసనే లేదు, అది పేడేనా అని నాకు అనుమానంగా ఉంది.

నీ
చిన్ని