సంతకానికీ పెళ్లికీ మధ్య గడువు ఉండాలి

సంపాదకుడు గారికి,

పెళ్లికి ముందే ఆస్తిపాస్తుల గురించి రాసుకునే ప్రీనప్ ఒప్పందాలపై మీ పత్రికలో వచ్చిన వ్యాసం చదివాను. చెల్లుతాయా, చెల్లవా అన్న దగ్గరే అది ఆగిపోయింది. నా దృష్టిలో అంతకన్నా ముందు అడగాల్సింది, ఆ సంతకం ఎప్పుడు పెట్టించారన్నది.

ఆస్ట్రేలియా హైకోర్టు 2017లో తేల్చిన కేసు చూడండి. వధువు వేరే దేశం నుంచి ఈ పెళ్లి కోసమే వచ్చింది. చేతిలో డబ్బు లేదు, సొంత ఇల్లు లేదు, ఆ పెళ్లి తప్పిపోతే అక్కడ ఉండే దారీ లేదు. వరుడు బాగా ఆస్తిపరుడు. పెళ్లి నాలుగు రోజులుందనగా ఆమె సంతకం పెట్టింది. అప్పటికే తల్లిదండ్రులు విమానం దిగారు, పెళ్లి గౌను సిద్ధమైంది, అతిథులకు పిలుపులు అందాయి. సంతకం పెట్టకపోతే పెళ్లే లేదన్నాడాయన. ఆమె లాయరే వద్దని చెప్పినా పెట్టేసింది. పెట్టక ఏం చేస్తుంది?

ఆ దేశంలో ఇలాంటి ఒప్పందాలకు చట్టం గుర్తింపు ఉంది. ఆమెకు విడిగా లాయరు కూడా ఉన్నారు. అంటే కాగితం మీద అంతా సక్రమమే! అయినా కోర్టు దాన్ని కొట్టేసింది. పెళ్లయ్యాక రాయించుకున్న రెండో ఒప్పందానికీ అదే గతి పట్టింది. ఇదంతా తేలేసరికి పదేళ్లు గడిచాయి.

బ్రిటన్ సుప్రీంకోర్టు కూడా 2010లో, ఇద్దరూ ఇష్టపూర్వకంగా, పర్యవసానాలు తెలిసి రాసుకుంటేనే, ఫలితం అన్యాయంగా లేకపోతేనే ఒప్పందానికి విలువిస్తామంది. ఇంగ్లండ్, వేల్స్ లా కమిషన్ 2014లో ఇంకాస్త ముందుకెళ్లి, పెళ్లికి కనీసం 28 రోజుల ముందే సంతకాలు పూర్తవ్వాలని సిఫార్సు చేసింది. కాలిఫోర్నియాలో తుది పత్రం అందాక 7 రోజులు ఆగాలి. కానీ అది పత్రానికీ సంతకానికీ మధ్య లెక్క, సంతకానికీ పెళ్లికీ మధ్య కాదు. పెళ్లి పనుల టెన్షన్‌లో ఆ వారం ఎటు పోతుందో ఎవరికి తెలుసు?

మన దేశంలో గోవాలో పెళ్లికి ముందు ఆస్తి ఏర్పాటు రాసుకునే వీలుంది. మిగతా చోట్ల వీటికంటూ ప్రత్యేక చట్టం లేదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 23వ సెక్షన్ కింద, ప్రజా విధానానికి విరుద్ధమంటూ కోర్టు తోసిపుచ్చే అవకాశం ఉంది. చట్టం తేవాలంటున్నవారితో నాకు పేచీ లేదు. ఆస్తులూ అప్పులూ ముందే చెప్పుకోవడం మంచిదే. పిల్లల పోషణ హక్కును మాత్రం ఆ కాగితంతో కొట్టేసే వీలుండకూడదు.

అయితే చట్టమంటూ వస్తే అందులో 28 రోజుల గడువును సలహాగా కాక షరతుగా పెట్టాలి. సంతకం తేదీ, పెళ్లి తేదీ రెండూ మొదటి పేజీలోనే ఉండాలి. పెళ్లికి ముందు ఆ 28 రోజుల్లో పెట్టిన సంతకం చెల్లదని తేల్చి చెప్పాలి.

ఇట్లు,
ఒక పాఠకురాలు